రాక్ డ్రమ్మర్‌ని కానన్న రాక్ డ్రమ్మర్: జింజర్ బేకర్ దరువు ఎక్కడెక్కడి నుంచి వచ్చింది?

మా అక్క కొడుకు తిరుపతిలో ఇంజినీరింగ్ చదువుతూ, ముహూర్తాల రోజుల్లో ఒక ఆర్కెస్ట్రాలో డ్రమ్స్ వాయిస్తాడు. మొన్న ఇంటికి వచ్చి ఫోను నా చేతిలో పెట్టాడు. "మామా, ఈ వీడియోలో ఈయనను రాక్ సంగీతంలో తొలి మహా డ్రమ్మర్ అంటున్నారు. ఇంకోదాంట్లో ఆయనే తాను రాక్ డ్రమ్మర్‌ని కానంటున్నాడు. మూడోదాంట్లో ఆఫ్రికా వాళ్ల దరువులు ఎత్తుకొచ్చాడని తిడుతున్నారు. మూడూ ఒక్క మనిషి గురించే. దేన్ని నమ్మాలి?"

ఆ మనిషి జింజర్ బేకర్. 1939లో లండన్‌లో పుట్టి, 2019లో పోయిన ఇంగ్లండు డ్రమ్మర్. చిన్నప్పుడు నాలుగేళ్లు మృదంగం నేర్చుకున్న నాకు, ఆ తర్వాత ముప్పై ఏళ్లుగా ఈయన వాయిద్యం వింటున్న నాకు, వాడి ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు దొరకలేదు. ఆ మూడు వీడియోల్లోనూ కొంత నిజం ఉంది. చిక్కంతా "ప్రభావం" అనే మాటతోనే. మన దగ్గర ఒక వాద్యకారుణ్ణి "మీ గురువు ఎవరు?" అని అడిగితే సూటిగా ఒక పేరు చెబుతాడు, ఆ గురువుకు గురువు పేరు కూడా చెబుతాడు. బేకర్ విషయంలో అలా గీత గీయబోతే, అది లండన్ నుంచి అమెరికాకు, అమెరికా నుంచి ఆఫ్రికాకు వెళ్లి, అక్కడి నుంచి మళ్లీ అమెరికాకే తిరిగి వస్తుంది. ఆ దారిని అడుగడుగునా చూద్దాం.

డ్రమ్ సెట్ అనేదే ఒక అతుకుల వాద్యం

మృదంగం ఒకే వాద్యం. మన గుడుల్లో మోగే డోలూ అంతే, ఒక చేతిలో పుల్ల, రెండో చేతి వేళ్లకు తొడుగులు. డ్రమ్ సెట్ అలాంటిది కాదు. ఒకప్పుడు సైనిక బ్యాండులో పెద్ద డ్రమ్ము ఒకరు, చిన్న డ్రమ్ము ఒకరు, తాళాలు ఇంకొకరు పట్టుకుని నడుస్తూ వాయించేవారు. ఊరేగింపు ఆగి ఆ సంగీతం నాట్యశాలల్లోకి వెళ్లినప్పుడు, ముగ్గురి పని ఒక్కడే కూర్చుని చేయాల్సి వచ్చింది. అందుకు వీలు కల్పించింది కాలి పెడల్. 1909లో అమెరికాలో లుడ్విగ్ అన్నదమ్ములు తయారుచేసిన పెడల్ బాగా పనిచేయడంతో పెద్ద డ్రమ్ము కాలికి అప్పగించారు, చేతులు ఖాళీ అయ్యాయి. కంచు తాళాల విద్య తుర్కీ నుంచి వచ్చింది. ఇస్తాంబుల్‌లో 17వ శతాబ్దం నుంచి తాళాలు పోతపోసిన జిల్జియాన్ కుటుంబం తర్వాత అమెరికాలో కార్ఖానా పెట్టింది. టామ్-టామ్ అనే మధ్య డ్రమ్ములు మొదట చైనా వాళ్లవి.

వీటన్నిటి మీద మోగిన లయకు మూలం మరొకటి. అమెరికాలోని న్యూ ఆర్లియన్స్‌లో కాంగో స్క్వేర్ అనే మైదానం ఉంది. 19వ శతాబ్దపు తొలి రోజుల్లో, బానిసలుగా తెచ్చిన ఆఫ్రికన్లు ఆదివారాల్లో అక్కడ చేరి తమ డోళ్లు వాయించుకుని ఆడేవారు. తర్వాతి తరాల్లో ఆ ఊళ్లోనే జాజ్ పుట్టింది. కాబట్టి బేకర్ పుల్లలు పట్టక ముందే ఆ వాద్యంలో మూడు ఖండాలు కలిసిపోయి ఉన్నాయి. తర్వాత వచ్చే వాదాలకు ఇదే పునాది.

రాక్ దెబ్బకూ స్వింగ్‌కూ తేడా: నోటితో చెప్పి చూడండి

రెండు మాటలు తేల్చుకుంటే మిగతాది సులువు.

ఒకటి, రాక్ దరువు. ఒకటి, రెండు, మూడు, నాలుగు అని సమంగా లెక్కపెట్టండి. రెండు దగ్గర, నాలుగు దగ్గర గట్టిగా చప్పట్లు కొట్టండి. చాలా రాక్ పాటలకు వెన్నెముక ఇదే. ఒకటికీ మూడుకూ కాలితో పెద్ద డ్రమ్ము, రెండుకూ నాలుగుకూ చేతితో చిన్న డ్రమ్ము.

రెండు, స్వింగ్. దీన్ని మాటల్లో చెప్పడం కష్టమని జాజ్ వాళ్లే అంటారు. మన సొల్లుకట్లు, అంటే నోటితో పలికే లయ పలుకులు, తెలిసినవారికి కాస్త దగ్గరగా చెప్పవచ్చు. ఒక్కో లెక్కను రెండు సమభాగాలు చేసి "తక తక తక తక" అనండి. ఇది తిన్నని నడక. ఇప్పుడు అదే లెక్కను మూడు చేసి "తకిట తకిట" అనండి. తర్వాత మధ్య అక్షరం మింగేయండి: "త..ట త..ట త..ట". మొదటిది పొడుగు, రెండోది పొట్టి. ఆ ఊగుడే స్వింగ్‌కు మొదటి మెట్టు. మృదంగం వాళ్లు తిశ్ర నడక అనేదానికి ఇది బంధువు. కాకపోతే నిజమైన స్వింగ్‌లో ఆ పొడుగు పొట్టి కొలతలు లెక్కప్రకారం ఉండవు. వేగాన్ని బట్టి, వాయించే మనిషిని బట్టి జరుగుతుంటాయి. అందుకే అది పుస్తకంలో దొరకదు, పక్కన కూర్చుని వింటేనే పట్టుబడుతుంది.

బేకర్ జీవితమంతా ఇతర డ్రమ్మర్లను కొలిచిన కొలబద్ద ఈ స్వింగే. తన కాలంలో బాగా పేరు పొందిన రాక్ డ్రమ్మర్లు జాన్ బోనమ్, కీత్ మూన్‌ల వాయిద్యంలో స్వింగ్ లేదని కటువుగానే అనేవాడు. ఆ తీర్పుతో నేను ఏకీభవించను. బోనమ్ కాలి దెబ్బల్లో మంచి ఊగుడు ఉంది. కానీ బేకర్ తనను ఏ గూటి పక్షిగా అనుకున్నాడో ఆ మాటల్లో తెలుస్తుంది.

సైకిల్ పోయి డ్రమ్ములు వచ్చిన కుర్రవాడు

అసలు పేరు పీటర్ ఎడ్వర్డ్ బేకర్. ఎర్రజుట్టు ఉన్నవారిని ఇంగ్లండులో జింజర్ అని పిలుస్తారు, ఆ పేరే నిలిచిపోయింది. దక్షిణ లండన్‌లోని లూయిషమ్‌లో పుట్టాడు. తండ్రి ఇటుకల మేస్త్రి. రెండో ప్రపంచ యుద్ధంలో సైనికుడిగా వెళ్లి 1943లో గ్రీసు దగ్గరి దీవుల్లో చనిపోయాడు. అప్పటికి బిడ్డకు నాలుగేళ్లు. కొడుక్కు పద్నాలుగేళ్లు వచ్చాక తెరవాలని తండ్రి ఒక ఉత్తరం రాసిపెట్టి వెళ్లాడు. మగవాడిలా నిలబడమని, పిడికిళ్లే మంచి నేస్తాలని అందులోని సారాంశం. బేకర్ ఆ మాటను అక్షరాలా పాటించాడు. తోటి కళాకారులతో అతని కొట్లాటలు సంగీత చరిత్రలో భాగమైపోయాయి. నాలుగేళ్ల వయసులో పోయిన నాన్న నుంచి పద్నాలుగో ఏట అందిన ఒకే ఒక సలహా అది అని గుర్తుంచుకుంటే, ఆ మొండితనంలో దుఃఖం కూడా కనబడుతుంది.

కుర్రవాడి కల సంగీతం కాదు, సైకిల్ పందెం. ఫ్రాన్సు దేశం చుట్టివచ్చే పెద్ద పందెంలో పాల్గొనాలనుకున్నాడు. పదిహేను పదహారేళ్ల వయసులో ఒక ప్రమాదంలో సైకిల్ తుక్కయింది. కొత్తది కొనే డబ్బు లేదు. బడిలో ఎప్పుడూ బల్లల మీద దరువు వేసే అలవాటు చూసిన మిత్రులు ఒక విందులో బలవంతంగా డ్రమ్ముల ముందు కూర్చోబెట్టారు. వాయించగలిగాడు. అంతే.

సైకిల్ వృథా కాలేదని మాత్రం చెప్పాలి. తర్వాత రెండు పెద్ద డ్రమ్ములను రెండు కాళ్లతో గంటలకొద్దీ వాయించిన బలం ఆ తొక్కుడు నుంచే వచ్చిందని అతనిని ఎరిగినవాళ్లు అంటారు. "ప్రభావం" అంటే మనం ఎప్పుడూ రికార్డులు, గురువులు అనుకుంటాం. ఒక వాద్యకారుడి శరీరం ముందు ఏం నేర్చుకుందో కూడా లెక్కలోకి రావాలి.

ఫిల్ సీమన్ వినిపించిన ఆఫ్రికా డోళ్లు

1950ల చివర్లో బేకర్ సంప్రదాయ జాజ్ బృందాల్లో వాయించాడు. టెర్రీ లైట్‌ఫుట్ బృందం వాటిలో ఒకటి. అప్పట్లో అతను ఆరాధించినవారిలో ఇద్దరి పేర్లు ముఖ్యం. బేబీ డాడ్స్ న్యూ ఆర్లియన్స్ తొలితరం డ్రమ్మర్, అంటే కాంగో స్క్వేర్ ఉన్న ఊరివాడు. మాక్స్ రోచ్ 1940లలో వచ్చిన బీబాప్ జాజ్ డ్రమ్మర్. డ్రమ్ము కేవలం లెక్క పట్టుకునే వాద్యం కాదని, అది కూడా రాగం పాడినట్టు మాట్లాడగలదని చూపించినవాడు.

ఈ ఇద్దరినీ రికార్డుల్లో విన్నాడు. ఎదురుగా కూర్చోబెట్టుకుని నేర్పినవాడు మాత్రం ఫిల్ సీమన్, ఇంగ్లండులో ఆనాటి అగ్రశ్రేణి జాజ్ డ్రమ్మర్. సీమన్ అతనికి ఆఫ్రికా డోళ్ల రికార్డులు వినిపించాడు. అంతవరకు జాజ్ ద్వారా పరోక్షంగా చేరిన లయను, మొదటిసారి మూలంలో విన్నాడు. ఒక లెక్క మీద ఇంకో లెక్క ఎలా నడుస్తుందో అప్పుడే బోధపడిందని బేకర్ తర్వాతి కాలంలో పదేపదే చెప్పుకున్నాడు. అదే పరిసరాల్లో హెరాయిన్ కూడా అంటుకుంది. గురువు సీమన్ దానికి బానిసే, 1972లో పోయాడు. శిష్యుడు దాన్ని వదిలించుకోవడానికి ఎన్నో ఏళ్లు పెనుగులాడాడు. ఒకే గది నుంచి ఇంత మేలూ ఇంత కీడూ వచ్చాయి.

ఆ లెక్క మీద లెక్క ఏమిటో చేతులతో చేసి చూద్దాం. ఒకటి నుంచి పన్నెండు వరకు సమంగా లెక్కపెడుతూ ఉండండి. కుడిచేతితో 1, 4, 7, 10 దగ్గర తొడ మీద కొట్టండి. నాలుగు దెబ్బలు పడతాయి. అది అలవాటయ్యాక, కుడిచేతిని ఆపకుండా ఎడమచేతితో 1, 5, 9 దగ్గర కొట్టండి. మూడు దెబ్బలు. రెండు చేతులూ కలిసేది ఒకటి దగ్గర మాత్రమే. పశ్చిమ ఆఫ్రికా వాద్యబృందాల్లో తరచుగా వినిపించే అల్లిక ఇది. ఇందులో "అసలు" లెక్క నాలుగా, మూడా అని అడిగితే జవాబు లేదు. చెవి ఒకదాన్ని పట్టుకుంటే రెండోది దాని మీద తేలుతుంది. కాసేపటికి తారుమారవుతుంది.

మన ప్రాంతం వాళ్లకు ఇది పరాయి అనుభవం కాదు. బ్రహ్మోత్సవాల్లో తిరుమల మాడవీధిలో వాహనం ముందు బృందాలు వరుసగా వెళుతుంటాయి. కేరళ చెండ ఒక వేగంతో ముందుకు సాగుతుండగా వెనకనుంచి కోలాటం వాళ్లు ఇంకో నడకతో దగ్గరవుతారు. రెండూ ఒకేసారి చెవిన పడే ఆ కొన్ని క్షణాలు పాదం దేనికి ఆడించాలో తెలియదు. తేడా ఏమిటంటే, మాడవీధిలో అది యాదృచ్ఛికం. ఆఫ్రికా బృందంలో అది పొందిక, ఒకటి దగ్గర కలిసి తీరాలి. బేకర్ చేయాలనుకున్నది మరీ కష్టమైనది. ఆ రెండు బృందాలనూ తన ఒక్క శరీరంలో, రెండు చేతులు రెండు కాళ్ల మధ్య పంచడం.

క్రీమ్: రెండేళ్లు, రెండు పెద్ద డ్రమ్ములు

1962లో అలెక్సిస్ కార్నర్ బ్లూస్ (అమెరికా నల్లవారి పాటలు) బృందంలో చార్లీ వాట్స్ తప్పుకుని తన చోటు బేకర్‌కు ఇచ్చాడు. వాట్స్ తర్వాత రాక్ బృందం రోలింగ్ స్టోన్స్‌లో చేరాడు. అతను కూడా మనసులో జాజ్ మనిషే కావడం గమనించదగ్గది. 1960ల ఇంగ్లండు రాక్‌ను నిలబెట్టిన చేతులు చాలావరకు జాజ్‌లో తయారైనవే. అక్కడి నుంచి గ్రాహమ్ బాండ్ బృందం, అక్కడ బాస్ గిటార్ వాయించే జాక్ బ్రూస్‌తో తగవులు. అయినా 1966లో గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్‌తో కలిసి ముగ్గురూ క్రీమ్ బృందం పెట్టారు.

అదే ఏడాది బేకర్ అమెరికా జాజ్ బృంద నాయకుడు డ్యూక్ ఎల్లింగ్టన్ కచేరీకి వెళ్లాడు. అక్కడ శామ్ వుడ్‌యార్డ్ రెండు పెద్ద డ్రమ్ములు వాయించడం చూసి తానూ అలాంటి సెట్ సమకూర్చుకున్నాడు. రెండు పెద్ద డ్రమ్ముల ఆలోచన ఎల్లింగ్టన్ దగ్గరే వాయించిన లూయీ బెల్సన్ కాలం నుంచి జాజ్‌లో ఉంది. ఈనాడు హెవీ మెటల్ అనే గట్టి రాక్ అనగానే గుర్తొచ్చే జంట డ్రమ్ములు జాజ్ నుంచి రాక్‌లోకి నడిచి వచ్చిన దారిలో బేకర్ ఒక ముఖ్యమైన మజిలీ.

1966 డిసెంబరులో వచ్చిన తొలి ఆల్బంలో "టోడ్" అనే అంశం ఉంది. అయిదు నిమిషాల్లో అధికభాగం డ్రమ్స్ ఒక్కటే. 1968 ఆల్బంలోని కచేరీ రికార్డింగులో అది పదహారు నిమిషాలకు పెరిగింది. మనవాళ్లకు చెప్పాలంటే తని ఆవర్తనం, కచేరీలో మృదంగం ఒంటరిగా మోగే ఘట్టం. పోలిక కొంతదూరమే నడుస్తుంది. తనిలో చేతి మీద తాళం వేసే వాళ్లు ఉంటారు, మృదంగం వాయించే మనిషి ఎంత దూరం వెళ్లినా సమానికి, అంటే తాళం మొదలయ్యే చోటికి, వచ్చి వాలుతాడు. "టోడ్"లో తాళం వేసేవారు ఎవరూ లేరు. ఆ పని బేకర్ కాళ్లదే. కాళ్లు ఒక తీరును విడవకుండా పట్టుకుంటే, చేతులు దాని మీద తిరుగుతాయి. శ్రద్ధగా వింటే పైన చెప్పిన పన్నెండు లెక్కల మెలికలు ఎన్నోచోట్ల తగులుతాయి. గట్టిగా కొట్టడాన్ని మాత్రమే వినేవారికి ఇది చప్పుడు. పాదాలను వినేవారికి ఇది సంభాషణ.

ఒక దరువు, ఇద్దరు హక్కుదారులు

ప్రభావాల లెక్క తేల్చడం ఎంత కష్టమో చెప్పడానికి ఒక్క పాట చాలు. "సన్‌షైన్ ఆఫ్ యువర్ లవ్" క్రీమ్ పాటల్లో అన్నిటికన్నా ప్రసిద్ధం. 1967లో న్యూయార్క్‌లో రికార్డు చేశారు. రాక్ దెబ్బ రెండు, నాలుగు మీద పడాలని ముందు చెప్పుకున్నాం కదా. ఈ పాటలో బరువు తిరగబడి ఒకటి, మూడు మీద పడుతుంది. అదీ పదునైన చిన్న డ్రమ్ము కన్నా గుండ్రటి టామ్-టామ్‌ల మీద ఎక్కువగా మోగుతుంది. పాట నేలమీద బరువుగా అడుగులు వేస్తున్నట్టు ఉంటుంది.

ఈ ఆలోచన ఎవరిది? తనదేనని బేకర్ అన్నాడు. రికార్డింగు ఇంజినీరు టామ్ డౌడ్ కథ వేరు. పాట కుదరక తంటాలు పడుతుంటే, అమెరికా సినిమాల్లో ఆదివాసుల దృశ్యాలకు వాయించే దరువును ప్రయత్నించమని తానే సూచించానని ఆయన చెప్పాడు. బేకర్ మాట నిజమైతే ఈ దరువు వెనక ఆఫ్రికాను వెతకవచ్చు. డౌడ్ మాట నిజమైతే వెతకాల్సింది హాలీవుడ్‌లో, అదీ ఆదివాసుల అసలు సంగీతం కాదు, సినిమా వాళ్ల ఊహ. రెండూ కొంత నిజం కావచ్చు కూడా. ఎవరో ఒక మాట అంటారు, వాయించేవాడి చేయి తనలో ముందే ఉన్నదాన్ని బయటికి తీస్తుంది. సూచన ఇచ్చినవాడికి సూచన గుర్తుంటుంది, వాయించినవాడికి చేయి గుర్తుంటుంది. స్టూడియో గదిలో జరిగినదాన్ని నేను ఇలా ఊహిస్తాను.

ఈ తగాదా ఉత్త పేరు కోసం కాదు. పాట రచన కింద బ్రూస్, క్లాప్టన్, కవి పీట్ బ్రౌన్ పేర్లు మాత్రమే ఉన్నాయి. రాయల్టీ వెళ్లేది రచయితలకే. చట్టం దృష్టిలో రాగం, సాహిత్యం రచన. దరువు కేవలం నిర్వహణ. "వైట్ రూమ్" పాట మొదట్లో వచ్చే అయిదు లెక్కల గంభీరమైన ఎత్తుగడ కూడా తన చేర్పేనని, దానికీ పైసా రాలేదని బేకర్ చివరిదాకా బాధపడ్డాడు. ఈ విషయంలో నా సానుభూతి ఆయనకే. మన సినిమా పాటల్లో తబలా, డోలక్ కళాకారులు అప్పటికప్పుడు కల్పించిన నడకలు పాటలను ఎంతగా నిలబెట్టాయో విన్నవారికి తెలుసు. వాళ్ల పేర్లు మాత్రం చాలామందికి తెలియవు.

లేగోస్‌లో నేర్చుకున్నాడా, ఎత్తుకొచ్చాడా?

1968 నవంబరులో క్రీమ్ విడిపోయింది. 1970లో బేకర్ నడిపిన ఎయిర్‌ఫోర్స్ అనే పెద్ద బృందంలో పాత గురువు సీమన్ ఉన్నాడు, నైజీరియా వాద్యకారుడు రెమీ కబాకా ఉన్నాడు. 1971లో లండన్‌లోని అబ్బే రోడ్ స్టూడియోలో నైజీరియా గాయకుడు ఫేలా కుటి బృందంతో కలిసి ఒక ఆల్బం రికార్డు చేశాడు. అదే ఏడాది చివర్లో కారు తీసుకుని సహారా ఎడారి దాటుకుంటూ నైజీరియాలోని లేగోస్ నగరానికి బయలుదేరాడు. 1973లో అక్కడ స్టూడియో తెరిచాడు. 1976లో ఆ వ్యాపారం చెడి బయటికి వచ్చేశాడు.

మా వాడు చూసిన మూడో వీడియో ఆరోపణ ఇక్కడిదే. దానికి బలమైన నేపథ్యం ఉంది. 1973లో బీటిల్స్ బృందపు మాజీ గాయకుడు పాల్ మెకార్ట్‌నీ రికార్డింగు కోసం లేగోస్ వచ్చినప్పుడు, తెల్లవాళ్లు ఆఫ్రికా సంగీతాన్ని దొంగిలించడానికి వచ్చారని ఫేలా బహిరంగంగానే అన్నాడు. మెకార్ట్‌నీ తన పాటలు వినిపించి ఆయనను ఒప్పించాల్సి వచ్చింది. ఫేలా భయం ఒట్టి కోపం కాదు. అమెరికా నల్లవారి బ్లూస్ పాటలు ఇంగ్లండు రాక్ బృందాలకు సంపద తెచ్చిపెట్టగా, వాటి తొలి కర్తల్లో చాలామంది పేదరికంలోనే మిగిలిపోయిన చరిత్ర అప్పటికే కళ్లముందుంది. పైగా ఫేలాతో చేసిన ఆల్బంను పాశ్చాత్య దేశాల్లో చాలామంది కొన్నది అట్ట మీద బేకర్ పేరు చూసే.

రెండో వైపు వాదనా తేలిక కాదు. దొంగిలించేవాడు రికార్డు విని, ఇంట్లో కూర్చుని, పేరు చెప్పకుండా వాడుకుంటాడు. బేకర్ ఆ ఊరు వెళ్లి, అక్కడ ఉండి, అక్కడివారి పక్కన కూర్చుని వాయించాడు. ఎవరి దగ్గర ఏమి విన్నాడో ఎప్పుడూ దాచలేదు. తన డబ్బు అక్కడి స్టూడియోలో పెట్టి పోగొట్టుకున్నాడు. అయితే అతని లేగోస్ జీవితం మచ్చలేనిది కూడా కాదు. అక్కడే పోలో ఆట మోజులో పడ్డాడు. ఆ దేశంలో అది సంపన్నులూ సైనికాధికారులూ ఆడే ఆట. ఫేలా తన పాటల్లో ఎదిరించింది ఆ వర్గాన్నే. 1977 ఫిబ్రవరిలో సైనికులు ఫేలా నివాసాన్ని తగలబెట్టారు. అతిథికి ఏ గుమ్మమైనా ఒకటే కావచ్చు, ఆ ఊరి మనిషికి కాదు.

నా మట్టుకు, "ఎత్తుకొచ్చాడు" అనే మాట బేకర్‌కు అతకదు. ఆ మాట పుట్టడానికి కారణమైన అన్యాయం మాత్రం నిజం.

టోనీ అలెన్ దగ్గర గీత వంకర తిరుగుతుంది

ఈ కథలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన మలుపు ఇది. ఫేలా బృందంలో డ్రమ్మర్ టోనీ అలెన్. ఆఫ్రోబీట్ అనే సంగీతానికి నడక ఇచ్చినవాడు. అతను లేకుంటే ఆఫ్రోబీటే లేదని ఫేలా స్వయంగా ఒప్పుకున్నాడు. లేగోస్‌లో పుట్టి, అక్కడే రేడియో సాంకేతిక పని చేస్తూ, పద్దెనిమిదేళ్ల వయసులో సొంతంగా డ్రమ్స్ మొదలుపెట్టాడు. మరి అతను ఎవరిని విని నేర్చుకున్నాడు? స్థానిక హైలైఫ్ సంగీతంతో పాటు, అమెరికా జాజ్ డ్రమ్మర్లు ఆర్ట్ బ్లేకీని, మాక్స్ రోచ్‌ను. హై-హ్యాట్ అనే కాలి తాళాల వాడకం గురించి రోచ్ ఒక పత్రికలో చెప్పినది చదివి దాన్ని తన వాయిద్యంలోకి తెచ్చుకున్నాడు.

అంటే ఇంగ్లండు కుర్రవాడు మాక్స్ రోచ్ వెనక ఏముందో వెతుక్కుంటూ ఆఫ్రికా వెళితే, అక్కడ ఎదురైన ఆఫ్రికా డ్రమ్మర్ మాక్స్ రోచ్‌ను వింటూ పెరిగినవాడు. ఆ రోచ్ వాయించిన జాజ్‌కు వేర్లు ఆఫ్రికాలో. "మూలం నుంచి తెచ్చాడు" అనే వాళ్లూ, "మూలం నుంచి దొంగిలించాడు" అనే వాళ్లూ ఇద్దరూ ఆఫ్రికా లయ ఎక్కడో కదలకుండా, పాత కాలంలో ఆగిపోయి ఉందని అనుకుంటారు. లేగోస్ ఆగిపోలేదు. లండన్ ఎలా వింటూ మారిందో లేగోస్ కూడా అలాగే వింటూ మారింది.

ఒక చిన్న పోలిక. మన కర్ణాటక సంగీతంలో వయొలిన్ యూరప్ నుంచి వచ్చి సుమారు రెండు వందల ఏళ్లయింది. ఈ రోజు తిరుపతి మహతి ఆడిటోరియంలో అన్నమయ్య కీర్తనకు పక్కన మోగే వయొలిన్‌ను ఎవరూ పరాయిది అనరు. పట్టుకునే తీరు మారింది, శ్రుతి చేసే తీరు మారింది, గమకం వచ్చి చేరింది. 1986లో బేకర్ చేసిన "హార్సెస్ అండ్ ట్రీస్" ఆల్బంలో ఎల్. శంకర్ వయొలిన్ వినిపిస్తుంది. యూరప్ వాద్యం మన గమకాలు నేర్చుకుని, ఆఫ్రికా నడకలు నేర్చుకున్న ఇంగ్లండు డ్రమ్ముల పక్కన కూర్చుంది.

మరి రాక్ డ్రమ్మరా, జాజ్ డ్రమ్మరా?

బేకర్ నిలకడ లేని మనిషి. నైజీరియా తర్వాత ఇటలీలో ఆలివ్ తోట, ఆ తర్వాత అమెరికా, దక్షిణాఫ్రికా. ఎక్కడ ఉన్నా డబ్బు ఇబ్బందులే. కానీ తనకు తానుగా ఎంచుకున్న సంగీతం చూస్తే ఒక దిశ కనబడుతుంది. 1994లో గిటారిస్టు బిల్ ఫ్రిసెల్, బాస్ వాద్యకారుడు చార్లీ హేడెన్‌లతో చేసినది జాజ్ ఆల్బం. చివరి ఏళ్ల బృందంలో పీ వీ ఎల్లిస్ శాక్సోఫోన్, పక్కనే ఘనా డోళ్ల కళాకారుడు అబాస్ డోడూ. 2005లో క్రీమ్ మళ్లీ కలిసి వాయించింది. జనం దానికే ఎగబడ్డారు.

తయారైన తీరు, కొలబద్ద, మనసు చూస్తే జాజ్. పాటల జాబితా, వినిపించిన శబ్దం, తర్వాతి డ్రమ్మర్ల మీద వేసిన ముద్ర చూస్తే రాక్. తనను తాను ఏమని పిలుచుకోవాలో చెప్పే హక్కు కళాకారుడిదే. కానీ అతని వాయిద్యం వేరేవాళ్ల చేతుల్లో ఏమైందో చెప్పే హక్కు అతనికి లేదు. "టోడ్" విని జంట డ్రమ్ములు కొనుక్కున్న కుర్రవాళ్లు స్వింగ్ కోసం కొనలేదు. అది కూడా ప్రభావమే.

2019 అక్టోబరు 6న, ఎనభయ్యో ఏట, కాంటర్‌బరీ ఆసుపత్రిలో బేకర్ పోయాడు. ఏడు నెలలు తిరగకముందే, 2020 ఏప్రిల్ 30న, పారిస్‌లో టోనీ అలెన్ పోయాడు. ఇద్దరూ 1978లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో ఎదురెదురు డ్రమ్ములతో కలిసి వాయించిన రికార్డింగు ఉంది, పదహారు నిమిషాలు. మా వాడికి అదే పెట్టాను. మొదటిసారి, ఇందులో ఎవరు ఎవరు మామా అని అడిగాడు. ఆగి విను అన్నాను. రెండోసారి, గట్టిగా తొక్కుతున్న ఆ కాళ్లు బేకర్‌వి అన్నాడు. కావచ్చు అన్నాను. మూడోసారి విన్నప్పుడు ఏమీ అడగలేదు. కుర్చీ చేతి మీద కుడి చేత్తో నాలుగు, తొడ మీద ఎడమ చేత్తో మూడు కొడుతూ, ఒకటి దగ్గర రెండూ కలిసేదాకా పెదవులతో పన్నెండు లెక్కపెడుతున్నాడు.